పక్కన ఒక చోటు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

చదువుల సాయం గురించి మాట్లాడమన్నారు. మేము క్రికెట్ మైదానాల కబుర్లతో మొదలుపెడుతున్నాం, మన్నించాలి. చివరికి అసలు విషయానికే వస్తాం.

మేము మొదట చూసిన పెద్ద మైదానం విశాఖలోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియం. 1988 డిసెంబరు 10, న్యూజిలాండ్‌తో వన్డే. తెల్లవారకుండానే నక్కపల్లిలో బస్సెక్కాం. ఆ రోజు శ్రీకాంత్ 5 వికెట్లు తీశాడు, 70 పరుగులు చేశాడు, మనం గెలిచాం. కానీ మాకు ఎక్కువగా గుర్తున్నది వేరు. జొహర్ నమాజుకు లేచి వెళ్తే, పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని రైతు మా చోట్లో తన తువ్వాలు వేసి, మేము తిరిగి వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. అంత జనంలో ఒక మనిషికి చోటు కాయడం చిన్న పని కాదు.

2005 ఏప్రిల్ 5న పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో పాకిస్తాన్‌తో మ్యాచ్ చూశాం. ధోనీకి అది 5వ వన్డే మాత్రమే. అంతకుముందు పెద్దగా ఆడిందీ లేదు. అయినా గంగూలీ అతణ్ణి 3వ స్థానంలో పంపాడు. 123 బంతుల్లో 148 పరుగులు! ఆట అతనిదే, కాదనం. ఆ చోటు మాత్రం ఒకరు ఇచ్చింది.

ఇక మూడోది. 2016 నవంబరు 20, ఆదివారం. అదే స్టేడియంలో ఇంగ్లండ్‌తో టెస్టు, నాలుగో రోజు. పిల్లల్ని వ్యాన్‌లో తీసుకెళ్లాం. 19 ఏళ్ల హసీబ్ హమీద్ 144 బంతులు ఎదుర్కొని 25 పరుగులే చేశాడు. ఓపిక అంటే ఏమిటో పిల్లలకు పాఠం చెప్పనక్కర లేకపోయింది.

అయితే వ్యాన్‌లో ఒక అబ్బాయి లేడు. పెద్ద నోట్లు రద్దయి రెండు వారాలు కాలేదు. వాళ్ల నాన్న కూలి డబ్బు పాత 500 నోటు తెచ్చి ఇచ్చాడు. చెల్లదని వెనక్కి ఇచ్చేశాం. "పర్లేదు సార్, నాకు క్రికెట్ అంత ఇష్టం లేదు" అన్నాడు. ఆ నోటు తీసుకుని బ్యాంకులో మా ఖాతాలో వేసుకుంటే సరిపోయేది. ఆ క్షణాన తోచలేదు. సోమవారం నోట్సులు దిద్దుతుంటే అతని పుస్తకం చివరి పేజీలో ఆ టెస్టు స్కోరంతా, నాలుగు రోజులదీ, రాసి ఉంది.

పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్లో చేరలేదు. ఫీజు సంగతి అతను అడగలేదు. మేమూ అడగలేదు.

అయ్యా, సాయం కోసం దరఖాస్తు పెట్టుకునేవారు మనకు కనబడతారు. "పర్లేదు సార్" అనే పిల్లవాడు కనబడడు. అడగనివారిని వెతికి ఇవ్వమనే కదా మన దీన్ నేర్పింది. అందుకే ఒక మనవి. ఈ ఏడాది మీరిచ్చే జకాత్, సదఖాల్లో కొంత భాగం దరఖాస్తు పెట్టని పిల్లల కోసం విడిగా ఉంచుదాం. వాళ్ల ఇళ్లకు వెళ్లి కనుక్కునే పని మా ఉపాధ్యాయులది.

ఆ రైతు ఎవరో మాకు ఈనాటికీ తెలియదు. ఆయన వేసిన తువ్వాలు మాత్రం గుర్తుంది. మనమూ ఒక చోటు కాద్దాం. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.