కారు క్లచ్చి మెత్తబడితే



వ్యవసాయశాఖ మనిషి కారు క్లచ్చిని గురించి చెప్పడమేమిటని మీలో కొందరనుకోవచ్చు. మన మోపిదేవి, అవనిగడ్డ, చల్లపల్లి ప్రాంతాల్లో కారో, జీపో, చిన్న ట్రక్కో వున్న రైతుల ఇండ్లు యిప్పుడు చాలా వున్నాయి. విత్తనాలు, ఎరువు బస్తాలు, లంకల్లో కోసిన అరటి గెలలు వాటి మీదనే వస్తున్నాయి. పైగా మనకు వరి కోతలూ, తుఫానులూ ఒకే కాలంలో వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి పెద్దలు మరువలేదు. యిప్పుడు హెచ్చరిక ముందుగానే అందుతుంది. కాని అందిన నాడు ముసలివారినీ, పిల్లలనూ ఎక్కించుకొని పులిగడ్డ దాటవలసిన బండి, గేరు పడక వాకిట్లోనే నిలిచిపోతే ఏం లాభం? అందుకని, దసరా వెళ్ళేలోగా మీ బండి క్లచ్చిని ఒకసారి చూచుకోండి.

ముందు అది పనిచేసే తీరు తెలుసుకుందాం. కొన్ని కార్లలో క్లచ్చిని కేబుల్ లాగుతుంది. అటువంటి బండికి నేను చెప్పేది వర్తించదు. మిగతావాటిలో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోని పిస్టను నూనెను నెడుతుంది. ఆ నూనె గొట్టం గుండా పోయి, గేరుబాక్సు దగ్గరి స్లేవ్ సిలిండరులోని పిస్టనును తోస్తుంది. అది క్లచ్చిని విడదీస్తుంది. మూసివున్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా పోతుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. క్లచ్చి పనిచేసేది ఆ సూత్రం మీదనే.

మీ నీళ్ళ యింజను సంగతి మీకు తెలుసు. పీల్చే గొట్టంలో గాలి పడితే యింజను ఎంత తిరిగినా నీరు ఎక్కదు. క్లచ్చి కూడా అంతే. నూనె నలగదు గనుక తొక్కిన బలం అవతలకు పోతుంది. గాలి నలుగుతుంది గనుక బలం అక్కడే ఆగిపోతుంది. పెడల్ మెత్తగా దిగడం, నాలుగుసార్లు తొక్కితేగాని గేరు పడకపోవడం, రివర్సు వేసేటప్పుడు గరగరమనడం దీని గుర్తులు. యింజను హోరెత్తుతున్నా బండి లాగకపోతే మాత్రం అది వేరే జబ్బు. అప్పుడు క్లచ్చి ప్లేటు చూపించాలి.

గాలి తీయడానికి ముందు, అది ఎలా చేరిందో కనిపెట్టాలి. సాధారణంగా నూనె కారినచోటనే గాలి దూరుతుంది. నూనె తొట్టి మూతను, దాని చుట్టును గుడ్డతో తుడిచి, ఆ తరువాతే తెరవండి. ఒక్క ఇసుక రేణువు పడినా రబ్బరు వాషర్లు గీసుకుపోతాయి. నూనె కింది గీతకు దిగిందేమో చూడండి. తరువాత మూడు చోట్లు పరీక్షించండి: పెడల్ పైభాగాన, కాలికింది పట్టా తడిసివున్నదా, గొట్టాల జాయింట్లు చెమ్మగా వున్నాయా, స్లేవ్ సిలిండరు రబ్బరు తొడుగు కొంచెం ఎత్తితే నూనె కనిపిస్తుందా. కారుతూవుంటే వట్టిగా నూనె పోసి సరిపెట్టకండి. కొన్ని బండ్లలో క్లచ్చికీ, బ్రేకుకీ తొట్టి ఒక్కటే. నిర్లక్ష్యం చేస్తే రేపు బ్రేకే పడకపోవచ్చు.

యిక నూనె సంగతి. తొట్టి మూత మీద ఏది రాసివుంటే అదే పోయాలి. చాలా బండ్లకు డాట్ 3 లేక డాట్ 4 బ్రేకు ఆయిల్. డాట్ 5 అనే సిలికాను నూనెను వీటితో కలపరాదు. బ్రేకు ఆయిల్ వాడే బండిలో యింజను ఆయిలు గాని, కిరసనాయిలు గాని, కొబ్బరినూనె గాని పోస్తే వాషర్లు వుబ్బి, మొత్తం పాడవుతుంది. సిలిండరు విప్పినప్పుడు కూడా డీజిలుతో కడగవద్దు. కొత్త బ్రేకు ఆయిలుతోనే కడగండి. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చే గుణం వుంది. మనది సముద్రపు దాపు, చెమ్మ ఎక్కువ. కాబట్టి చిన్న సీసా కొనండి. ఎప్పుడో మూత తీసి చూరు కింద పెట్టిన సీసా పనికిరాదు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. బండిని చదునైన నేల మీద నిలిపి, యింజను ఆపి, చల్లారనిచ్చి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా దుంగలు పెట్టండి. ఒక్క జాకీ మీద లేచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. తొట్టిలో నూనె పై గీతదాకా పోయండి. స్లేవ్ సిలిండరు మీది నిపుల్‌ను తుడిచి, దానికి పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, రెండో కొన కొంచెం కొత్త నూనె వున్న సీసాలో మునిగేటట్టు పెట్టండి.

లోపల కూర్చున్నవారు పెడల్‌ను నెమ్మదిగా కిందిదాకా తొక్కి, “తొక్కాను” అని చెప్పి, అలాగే పట్టివుంచాలి. కిందివారు నిపుల్‌ను పావు తిప్పు వదులు చేయాలి. నూనెతోపాటు బుడగలు వస్తాయి. వెంటనే నిపుల్ బిగించి “వదులు” అనాలి. ఆ మాట వినకముందు పెడల్ వదిలితే, బయటకు వచ్చిన గాలి మళ్ళీ లోపలికి పోతుంది. పని చెడేది ఎక్కువగా యిక్కడే. పెడల్ కిందనే వుండిపోతే చేత్తో పైకెత్తండి. అయిదారుసార్లకొకమారు తొట్టి చూచి నూనె పోస్తూ, బుడగలు ఆగేదాకా యిలాగే చేయండి. తొట్టి అడుగంటితే పని మొదటికి వస్తుంది. చివర నిపుల్‌ను బిగువుగా కట్టండి గాని బలమంతా వాడవద్దు, విరుగుతుంది.

పరీక్ష ఎలాగంటే, ముందూ వెనుకా ఎవరూ లేనిచోట, బ్రేకు మీద కాలుంచి, యింజను వేసి, క్లచ్చి తొక్కి మూడు సెకండ్లు ఆగి రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడితే పని కుదిరినట్టే. క్లచ్చి అలాగే తొక్కివుంచినా బండి కదలబోతున్నట్టు అనిపిస్తే, వెంటనే గేరు తీసివేయండి. మాస్టర్ సిలిండరు లోపలి వాషరు అరిగివుండవచ్చు. రెండు మూడు రోజుల తరువాత నూనె తగ్గిందేమో మళ్ళీ చూడండి.

ఏది ఇంటి దగ్గర చేయవచ్చో, ఏది చేయకూడదో కూడా తెలిసివుండాలి. గాలి తీయడం, బయట బిగించిన స్లేవ్ సిలిండరు మార్చడం స్పానర్లు పట్టిన అలవాటున్నవారు చేసుకోవచ్చు. సిలిండరు లోపల తుప్పు గుంటలు పడితే కొత్త వాషర్లు నిలవవు, సిలిండరే మార్చాలి. కొన్ని కొత్త కార్లలో స్లేవ్ సిలిండరు గేరుబాక్సు లోపలే వుంటుంది. తొట్టి బ్రేకుతో ఉమ్మడిదై బ్రేకు కూడా మెత్తబడితే బండి నడపనే కూడదు. అటువంటివి మెకానిక్కుకే వదలండి.

మరొక్క మాట. ఈ నూనె విషం. తీసిన పాత నూనెను మంచినీళ్ళ సీసాల్లో, పిల్లలకందేచోట వుంచకండి. కాలువలోనో, చేలోనో పారబోయక, మూతపెట్టి వర్కుషాపులో యివ్వండి. రంగు మీద ఒలికితే పెచ్చులూడుతుంది, వెంటనే నీళ్ళతో కడగండి.

విస్తరణ కార్యకర్తలు గ్రామాలకు వెళ్ళినప్పుడు, స్ప్రేయరు వాషరు మార్చి చూపేటట్టే దీన్ని కూడా ఒక బండి దగ్గర పదిమందికీ చేసి చూపితే మంచిది. కారేచోటు ముందు పట్టుకోండి, సరైన నూనె పోయండి, గాలి పూర్తిగా తీయండి. ఆకాశం మబ్బు పట్టకముందే ఈ పని ముగించండి.