దారి చూపు పెట్టె

ఇటీవల నంద్యాలలో ఒక మిత్రుని కారులో కూర్చుండి, ఆయన రాకకై ఎదురుచూచుచు, ఊరకుండలేక ముందరి అర తెరచితిమి. అందులో పాత రసీదులు, ఒక టార్చి లైటు, ఎండిన నిమ్మకాయలు రెండు, వానితోపాటు అరచేతిలో ఇముడునంతటి నల్లని పెట్టె యొకటి కనిపించినది. దానికి ముందు గాజు తెర, వెనుక కారు అద్దమునకు అతుకుకొను రబ్బరు గిన్నె. మిత్రుడు వచ్చి దానిని చూచి, "పదేండ్లు మాకు దావ చెప్పిన ముసలాయన. ఇప్పుడు పింఛను తీసుకుంటా ఉండాడు" అని నవ్వెను.

ఆ మాటతో మాకొక కోరిక పుట్టినది. కర్నూలు, కడప సీమలలో ఇట్టి పెట్టెలు కొని, కారులలో పెట్టుకొని తిరిగినవారు చాలమంది యున్నారు. వారి అనుభవములు ఎట్టివో అడిగి తెలిసికొనవలెనని పలువురను కలిసితిమి. నేటి ప్రసంగము వారు చెప్పిన మాటలకు మా అనుభవము కొంత చేర్చి చెప్పునది. ఎవరి పెట్టె ఏ సంస్థవారు చేసినదో చెప్పుట మా ఉద్దేశము కాదు.

ముందుగా ఈ యంత్రము సంగతి. రేడియో గల ఇంటివారికి దీని గుట్టు తెలుపుట కష్టము కాదు. ఏలయన, ఇదియు ఒక రేడియోయే. మీ ఇంటి రేడియో వలెనే ఇది వినునది మాత్రమే, పలుకునది కాదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికావారి ఉపగ్రహములు తిరుగుచున్నవి. ఒక్కొక్క దానిలోను పరమాణు గడియారములున్నవి. అవి 1575.42 మెగాహెర్ట్జుల మీద ఎడతెగక ఒకే మాట చెప్పుచుండును: "నేను ఫలానా ఉపగ్రహమును, ఇప్పుడు నా గడియారములో ఇంత సమయము." మన ఆకాశవాణిలో వార్తలకు ముందు సమయసూచకముగా వినిపించు చప్పుళ్ళ వంటివే ఇవియు ననుకొనవచ్చును. ఆ మాట ఆకాశమునుండి నేల చేరుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. ఏ ఉపగ్రహము మాట ఎంత ఆలస్యముగా చేరినదో చూచి, నాలుగు ఉపగ్రహముల మాటలను కలిపి, పెట్టె తానున్న చోటును లెక్కకట్టును. ఈ లెక్కలో మైక్రోసెకను, అనగా సెకనులో పదిలక్షల వంతు తప్పినచో, నేలమీద 300 మీటర్లు తప్పును.

2000వ సంవత్సరము మే నెల మొదటి తేదీ వరకు అమెరికా ప్రభుత్వము సామాన్య జనులకు చేరు సంకేతములలో కావలసియే కొంత తప్పు కలుపుచుండెను. అందువలన నూరు మీటర్ల వరకు తేడా వచ్చుచుండెడిది. ఆ తప్పును ఆనాటి రాత్రి తీసివేసిరి. ఆ తరువాతనే ఈ పెట్టెలు కారులలోనికి ఎక్కుటకు యోగ్యములైనవి. మన దేశమున 1995లో ఢిల్లీలో నెలకొన్న మ్యాప్ మై ఇండియా వంటి సంస్థలు పటములు తయారుచేసినవి. హైదరాబాదు నుండి సాట్‌గైడ్ అను పేరుతో మరియొకటి వచ్చినది. మన శ్రీహరికోట నుండియే 2013 జూలై 1వ తేదీన స్వదేశపు దారిచూపు ఉపగ్రహములలో మొదటిది ఎగిరినది. 2016లో ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టిరి.

ఇక అనుభవములు. ప్రొద్దుటూరి పెద్దమనిషి యొకరికి అమెరికాలోనున్న కుమారుడు 2009లో ఒక పెట్టె తెచ్చి యిచ్చెను. ఇంటిల్లిపాదియు కారెక్కి దానిని వెలిగించిరి. పెట్టె ఆకాశమును చక్కగానే వినినది. తానున్న చోటును కనుగొన్నది. కాని దాని కడుపులో ఉన్నది ఉత్తర అమెరికా పటము. తెరమీద తెల్లని బయలు, దాని నడుమ చిన్న కారు బొమ్మ. వీథిలేదు, ఊరులేదు, పెన్నానది లేదు. "నడిసముద్రంలో కూర్చోబెట్టినట్లుండె" నని ఆయన చెప్పిరి. మన దేశపు పటమును వేరుగా వెల పెట్టి కొని ఎక్కించువరకు ఆ కారు ఆ సముద్రముననే యుండెను.

పటమున్నంత మాత్రమున కష్టము తీరలేదు. పెట్టెకు తెలుగు రాదు. ఊరి పేరును ఇంగ్లీషు అక్షరములతో కొట్టవలెను. కడప పేరు చాలకాలము ఇంగ్లీషులో కడ్డపా యని వ్రాయబడుచు 2005లో కదా మారినది! మొదటి అక్షరము 'సి'యా 'కె'యా? బనగానపల్లెలో ఎన్ని 'ఎ'లు? కోయిలకుంట్లలో నడుమ అక్షరములు ఎవరి ఇష్టము వారివి. ఒక్క అక్షరము తప్పినచో పెట్టె "అట్టి ఊరు లేదు" అనును. మనము పుట్టి పెరిగిన ఊరే లేదని అనిపించుకొనుట ఎట్లుండునో అనుభవించినవారికి తెలియును. ఇక సరిగా కొట్టినను ఆ పేరుగలవి నాలుగు ఊళ్ళు వచ్చుట కలదు.

ఈ పేర్ల వలన ఒక నష్టము కూడ జరిగినది. కర్నూలు ప్రాంతమున పనిచేసిన పశువైద్యుడొకరు దానిని మాకు చెప్పిరి. ఒక రాత్రి ఆయనకు ఫోను వచ్చినది. గేదె ఈనలేక అవస్థ పడుచున్నది, కొత్తపల్లెకు రమ్మని. ఆయన ఆ ప్రాంతమునకు కొత్త. పెట్టెలో కొత్తపల్లె యని కొట్టిరి, పెట్టె ఒక కొత్తపల్లెను చూపినది, ఆయన బయలుదేరిరి. ముప్పావు గంట ప్రయాణము చేసి చేరినచోట గేదె లేదు, పిలిచినవాడు లేడు. కొత్తపల్లె యను ఊరు ఈ సీమలో ఒక్కటి కాదు. తిరిగి దారి అడుగుకొనుచు అసలు ఊరు చేరునప్పటికి తెల్లవారుచుండెను; గేదెయు, కడుపులో దూడయు పోయినవి. వానలు లేని ఆ ఏట ఆ ఇంటికి పాలమ్మిన డబ్బులే ఆధారము. "పెట్టెననుట ఎందుకు? ఏ మండలంలో కొత్తపల్లె అని అడుగుట నాకు రాలేదు. పెట్టె లేకుండి యుంటే అడిగియుందును" అని వైద్యుడు చెప్పి కొంతసేపు మాటాడలేదు. మేమును మరి ప్రశ్న వేయలేదు.

మా సొంత అవస్థ దీనికంటె చులకన. కొన్నేండ్ల క్రిందట ఒక అక్టోబరులో, కోయిలకుంట్ల వైపు పల్లెలో భజనబృందమును రికార్డు చేసి, జమ్మలమడుగు దిక్కునకు పోవలసియుండెను. పెట్టెలో దారిని రెండు విధములుగా కోరవచ్చును: వేగముగా పోవునది, దగ్గరది. మేము దగ్గరది కోరితిమి. దగ్గరదనగా పెట్టె లెక్కలో పటముమీద పొడవు తక్కువైన గీత. ఆ గీత తారురోడ్డా, బండిబాటయా యని దానికి పట్టదు. కుందూ నది కిరుప్రక్కల నున్న నేల నల్లరేగడి. ఎండలో ఇనుమువలె నుండును. ఒక్క పదును వాన పడెనా, బంకయగును. రెండు మైళ్ళు పోవుసరికి చక్రములు ఇరుసుల వరకు దిగబడినవి. పెట్టె మాత్రము ఏమియు జరుగనట్లు, "నేరుగా పొండు" అని ఇంగ్లీషులో చెప్పుచునే యుండెను.

చేనిలోనుండి ఒక రైతు వచ్చి కారును, మమ్ములను, అద్దమునకు అతికిన పెట్టెను మార్చి మార్చి చూచెను. "ఆ పెట్టె చెప్పిందని వచ్చినారా సామీ? వాన పడితే మా యెద్దులు గూడా ఈ దావన రావు" అనెను. తరువాత ట్రాక్టరు తెచ్చి, మోకు కట్టి లాగి, పైకము పుచ్చుకొనక, "అడిగింటే చెప్పేవాళ్ళం గదా" అని మాత్రము అనెను. రికార్డింగు సామాను తడియకుండ కాపాడుటకు మేము పడిన పాట్లు ఇక్కడ చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి మాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు వచ్చిరి. ఆయన 1830 మే నెలలో మద్రాసునుండి కాశీకి బయలుదేరి, కడప మీదుగా అహోబిలము, మహానంది, శ్రీశైలము సేవించుకొని పోయిరి. ఆయన కాశీయాత్రచరిత్రలో ఊరికి ఊరికి దూరము మాత్రమే కాదు, దారి స్వభావము, దిగుటకు వసతి, సరుకులు దొరకుట మొదలగునవి యున్నవి. పల్లకీ మోయువారు నడువవలసిన దారి గనుక ఆయనకు ఆ వివరములు కావలసివచ్చినవి. పెట్టెకు పటము గీచినవారు ఆ బాటను నడిచి చూచిరో లేదో మాకు అనుమానమే.

పటము పాతబడుట మరియొక చిక్కు. నంద్యాల మిత్రుని పెట్టెలో పటము 2011 నాటిది. అందులో నంద్యాల ఇంకను కర్నూలు జిల్లాలోనే యున్నది. 2022 ఏప్రిల్ 4న వేరు జిల్లా యైనట్లు దానికి తెలియదు. కర్నూలు నుండి కడప మీదుగా చిత్తూరు పోవు పెద్దరోడ్డును అది ఇంకను 18వ నంబరు జాతీయ రహదారియే అనుచున్నది. నేటి నంబరు 40. ఇవి నవ్వుకొని వదలదగినవి. కాని 2021 నవంబరు వరదలలో కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కూలినది. ఆ దినములలో పాత పటముగల పెట్టెలు కడప నుండి తాడిపత్రి పోవువారిని నిర్భయముగా ఆ వంతెన మీదికే పంపుచుండెను. గండికోట జలాశయము నిండినప్పుడు కొండాపురము మండలములో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీటిపాలై, జనులు వేరుచోట్లకు తరలిరి. పాత పెట్టెలో ఆ ఊళ్ళును, వాని వీథులును చెక్కుచెదరక యున్నవి. ఆ మండలమునకు చెందిన ఒకరు, తమ యింటివారు అప్పుడప్పుడు పెట్టె వెలిగించి ఊరును చూచుకొందురనియు, అందుకే దానిని అమ్మలేదనియు చెప్పిరి.

ఎండ సంగతి కూడ చెప్పవలెను. ఈ పెట్టెలు చలిదేశముల కొలతతో చేసినవి కాబోలు. మే నెలలో కర్నూలున 44 డిగ్రీల ఎండలో నిలిపిన కారులో రబ్బరు గిన్నె మెత్తబడి, పెట్టె ఊడి డ్రైవరు కాళ్ళమీద పడుట అందరికిని అనుభవమే. బ్యాటరీ ఉబ్బుట, తెర నల్లబడుట మామూలు. గువ్వలచెరువు ఘాటులో కొండమలుపులు ఒకదానిపై నొకటి యుండుటచేత పెట్టె తికమకపడి, క్రింది మలుపులోనున్న కారును పైమలుపులో చూపినదని ఒకరు చెప్పిరి. అక్కడ బండి ఆపి పాలకోవా కొనుక్కొనువరకు దానికి బుద్ధి వచ్చెనట.

ఇన్ని చెప్పి, మెచ్చుకొన్నవారి మాట చెప్పకుండుట న్యాయము కాదు. నల్లమల అడవిలో సెల్లు ఫోనుకు సంకేతము అందని చోట్లు కలవు. దారి చూపుటకు నేడు అందరును ఫోనునే వాడుచున్నారు. కాని పటమును ముందుగా దించుకొననిచో ఫోను అచ్చట మూగబోవును. పెట్టెకు పటము కడుపులోనే యున్నది. ఆకాశము కనిపించిన చాలును. శ్రీశైలము అడవిదారులలో రాత్రి 9 గంటలకు గేటు మూసి, ఉదయము 6 గంటలకు తెరచుదురన్న సంగతి మాత్రము దానికి తెలియదు. నంద్యాల మిత్రుడు ఆ సంగతి తాను గుర్తుంచుకొని, మిగిలినది పెట్టెకు వదలెడివాడు. ఆయనకు ఎన్నడును చిక్కు రాలేదట.

అందరికంటె పెట్టెను చక్కగా వాడుకొన్నవారు వేంపల్లె వైపు బోరుబావులు వేయు రిగ్గు యజమాని యొకరు. ఆయన దానిని దారికొరకు వాడలేదు. "ఈ పక్కన నాకు తెలియని దావ యాడుంది?" అనిరి. ప్రతి బోరు వేసిన చోట పెట్టెను నేలమీద పెట్టి, స్థలము గుర్తించి, పేరుకు బదులు లోతు వ్రాసి, నీరు పడినచో ఒక గుర్తు, పడనిచో మరియొక గుర్తు పెట్టెడివారు. తొమ్మిదేండ్లు ఇట్లు చేసిరి. ఆ సీమలో నీరు రాతిపగుళ్ళలో నుండును. నూరడుగుల ఎడములో ఒక బోరు పడును, ఒకటి పడదు. అప్పుచేసి బోరు వేయించి దుమ్ము చూచిన రైతు గతి మన శ్రోతలకు మేము చెప్పవలెనా?

ఒకసారి ఒక రైతు మూడవ బోరు వేయుమని ఆయనను పిలిచెను. ఆయన చేనిలో నిలిచి పెట్టెను చూపి, "ఇదిగో, గట్టుకు అవతల రెండు, నీ చేనిలో రెండు, నాలుగూ ఎండినవే. వద్దురా అబ్బీ" అని రిగ్గును వెనుకకు మరల్చుకొనిరి. కూలి పోగొట్టుకొని మరీ చెప్పిన మాట అది. రైతు వినలేదు. మరియొక రిగ్గును పిలిచి 700 అడుగులు వేయించెను. నీరు పడలేదు. ఆ మరుసటి ఏడు మాత్రము ఇద్దరు ముగ్గురు తామే ఆయన యింటికి వచ్చి, "మీ పెట్టెలో మా చేను చూడుము" అని అడిగిరట.

ఇప్పుడు ఆ పెట్టె తెర సగము నల్లబడినది. చేసినవారు దానికి కొత్త పటములిచ్చుట మానిరి. ఆయనకు పటముతో పనిలేదు, గుర్తులతోనే పని. గత మాసములో మేము పోయినప్పుడు, వరండాలో ఆయన కుమార్తె తెరమీది అంకెలను చదువుచుండెను, ఆయన ఖాతా పుస్తకములో వ్రాసికొనుచుండిరి. "ఉత్తరము 14.38, తూర్పు 78.45. 540 అడుగులు. నీళ్ళు లేవు." ఒకటి వ్రాసి, మరల చదివించుకొని సరిచూచుకొని, తరువాతి దానికి పోవుచుండిరి. ఆనాటికి 140వ బోరు వరకు వచ్చిరి. ఇంకను రెండు వందలకు పైగా నున్నవని చెప్పిరి.