టమాటాల నిలువ – మరుగునీటి పద్ధతి

పదార్థమును చెడకుండ నిలువచేయు విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. వేసవి వచ్చినతోడనే ఆవకాయయు మాగాయయు జాడీల కెక్కును. క్రొత్త చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి, కుండలలో అదిమి పెట్టుదురు. వడియములు, అప్పడములు, వరుగులు మిద్దెలమీద ఎండును. ఉప్పు, పులుపు, నూనె, ఎండ – ఈ నాలుగే మన పెద్దలు వాడుకొనిన సాధనములు. నేడు నేను మీకు విన్నవింపదలచినది ఐదవ సాధనమును గుఱించి. అది వేడి. పండును గాజుసీసాలో పెట్టి, మూత బిగించి, ఆ సీసాను మరుగునీట ముంచి ఉడికించి నిలువచేయు పద్ధతి యిది. ఉదాహరణమునకు టమాటాను తీసికొందును.

టమాటానే యేల తీసికొంటినో చెప్పెదను. రామములగ అను పాత పేరు మీలో కొందఱు వినియుందురు. ఈ పండు ధర నిలుకడ యెఱుగదు. మదనపల్లె, పత్తికొండ బజారులలో ధర పడిపోయినప్పుడు, కోతకూలి కూడ రాదని రైతులు పండ్లను రోడ్డుప్రక్క పాఱబోసిన సంగతి మనము పలుమాఱు చూచితిమి. అదే పండు 2023 జూలై మాసమున కిలో నూఱు రూపాయలు దాటి పోయినది. పాఱబోసిన చేతులే పిదప కొనవలసి వచ్చును. నేను చెప్పబోవు పద్ధతి బండెడు పంటను కాపాడజాలదు. అట్లని యెవరైన చెప్పినచో నమ్మవలదు. ఒక కుటుంబమునకు కొన్ని నెలల కూరకు, పప్పునకు, చారునకు సరిపడు పండును మాత్రము ఇది కాపాడగలదు.

ఈ పద్ధతిని కనిపెట్టినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, మిఠాయిలు చేయువాడు. ఫ్రాన్సు దేశీయుడైన నికొలా అప్పేరు ఆహారమును గాజుసీసాలలో నింపి, బిరడాలు బిగించి, నీటిలో ఉడికించి, నెలల తరబడి చెడకుండ నిలుపగలిగెను. విధానమును దాచక లోకమునకు వెల్లడింపవలెనను నిబంధనపై ఫ్రెంచి ప్రభుత్వము ఆయనకు 1810వ సంవత్సరమున 12,000 ఫ్రాంకుల బహుమానమొసగెను. ఆ సంవత్సరమే ఆయన గ్రంథము వెలువడెను. అయితే ఆహార మేల నిలిచినదో అప్పేరునకే తెలియదు. కంటికి కానరాని సూక్ష్మజీవులే పదార్థమును చెఱచుననియు, వేడిచే అవి నశించుననియు లూయీ పాశ్చరు తన పరిశోధనలచే స్పష్టపఱచునప్పటికి మఱి యర్ధశతాబ్దము గడచెను.

ఇందలి సూత్రము సులభము. సీసాలోని పదార్థము ఉడుకునప్పుడు దానిని చెఱచు జీవులు చచ్చును. లోపలి గాలి వేడిచే వ్యాకోచించి మూతసందున బయటికి పోవును. సీసా చల్లాఱునప్పుడు లోపల శూన్యమేర్పడి మూత లోనికి గుంజుకొని రబ్బరుపై గట్టిగా అతుకుకొనును. ఇక బయటి గాలి గాని, గాలిలోని బూజు గాని లోనికి చొరజాలదు.

ఇంతవఱకు విన్నవారికి, ఇట్లైనచో బెండకాయలను, చిక్కుళ్లను, మాంసమును, వండిన పప్పును కూడ ఈ రీతిగనే నిలువచేయవచ్చునుగదా యని తోచును. ఇచ్చటనే ప్రాణాపాయము కలదు. నా మాటలలో మఱి దేనిని మఱచినను దీనిని మాత్రము మఱువవలదని నా ప్రార్థన.

1895వ సంవత్సరమున బెల్జియము దేశములోని ఎల్లెజెల్ అను గ్రామమునకు ఒక అంత్యక్రియకై వాద్యకారులు వచ్చిరి. ఊఱవేసిన పందిమాంసమును భుజించిన పిమ్మట వారిలో పలువురు జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ అను పండితుడు ఆ మాంసమును పరీక్షించి, అందొక సూక్ష్మజీవిని కనుగొని, 1897లో ఆ విషయమును ప్రకటించెను. దానినే నేడు బొటులినమ్ అందురు. ఈ జీవి మట్టిలో నుండును. కావున చేనునుండి వచ్చిన ప్రతి కాయపైనను ఉండవచ్చును. గాలి తగిలినచోట ఇది పెరుగదు. గాలిలేని సీసా దీనికి అనువైన యిల్లు. దీని సిద్ధబీజములు నీరు మరుగు వేడికి చావవు. అవి చచ్చుటకు ఆవిరిని బంధించి 121 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడిని పెంచవలెను. బ్రదికియున్న బీజము మూసిన సీసాలో మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము అత్యల్పమైనను మనిషిని చంపగలదు. చూపు రెండుగా కనబడుట, కనుఱెప్పలు వాలుట, మాట ముద్దగట్టుట, మ్రింగలేకపోవుట, పిదప ఊపిరి కండరములు చచ్చువడుట దీని లక్షణములు. సామాన్యముగ ఇవి పండ్రెండు మొదలు ముప్పదియాఱు గంటలలో కనబడును, ఒక్కొక్కప్పుడు మఱికొన్ని దినములు పట్టును. దీనికి విఱుగుడు మందు కలదు గాని, ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

అట్లైనచో టమాటాను మరుగునీట నిలువచేయుట ఎట్లు క్షేమము? పులుపు వలన. పులుపు చాలినంత యున్నచోట బొటులినమ్ బీజము మొలకెత్తజాలదు. పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు పీహెచ్ అను అంకెను వాడుదురు. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. 4.6 దీనికి సరిహద్దు. అంతకు తక్కువ అంకెగల పండ్లకు మరుగునీరు చాలును. అంతకు మించిన కూరగాయలకు, పప్పులకు, మాంసమునకు, చేపలకు ఆవిరి ఒత్తిడితో నిలువచేయుటకై ప్రత్యేకముగ చేసిన యంత్రము కావలెను. మన వంటింటి ప్రెషరు కుక్కరు త్వరగా వేడెక్కి త్వరగా చల్లాఱును గనుక ఆ పనికి నమ్మదగినది కాదు. టమాటాయో, సరిగా ఆ సరిహద్దుమీదనే యున్నది. కొన్ని జాతులు దిగువన, కొన్ని ఎగువన నుండును. నాలుకకు పుల్లగా నున్నదని నమ్మి ఊరకుండరాదు. కావున ప్రతి సీసాకును మనమే పులుపు చేర్చవలెను. ఇది రుచికై చేయు పని కాదు, ప్రాణరక్షణకై చేయు పని.

ఇక విధానము. పండినవియు, గట్టిగా నున్నవియునగు పండ్లనే యేరవలెను. కుళ్లినవి, బూజుపట్టినవి, ఎండి చచ్చిన చెట్లనుండి కోసినవి పనికిరావు. బూజు పండులోని పులుపును తినివేయును. ధర పడినప్పుడు మిగిలిన తాలు పండ్లను ఈ పనికి మళ్లింపవలెనను ఆశ ఎవరికైన కలుగును. దానిని మానుకొనవలెను. అర లీటరు సీసాకు ఆఱువందల గ్రాములకు కొంచెము పైగా పండు పట్టును. కావున పది కిలోల పండ్లకు సుమారు పదునాఱు సీసాలు సిద్ధము చేసికొనవలెను.

సీసాలు ఈ పనికొఱకే చేసిన మందపు గాజువై యుండవలెను. వీని మూత రెండు భాగములు: అంచున రబ్బరు పూతగల రేకు బిళ్ల ఒకటి, దానిని పట్టియుంచు మరచుట్టు ఒకటి. మరచుట్టును మరల మరల వాడవచ్చును గాని రేకు బిళ్ల ఒక్కసారికే పనికివచ్చును. అంచు పెచ్చులూడిన సీసాను, బీటపడిన సీసాను తీసివేయవలెను. అంగడిలో కొన్న జాము సీసాలు వేడికి పగులవచ్చును, వాని మూతలు అతుకకపోవచ్చును.

పండ్లను కడిగి, మరుగునీట అర నిమిషము మొదలు ఒక నిమిషము వఱకు ముంచి, వెంటనే చన్నీట వేసినచో తోలు జాఱిపోవును. తొడిమ భాగమును తీసివేసి, ముక్కలు కోసి, పాత్రలో చిదుపుచు పొయ్యిమీద పెట్టి, ఉడుకుపట్టిన పిమ్మట అయిదు నిమిషములు సన్నని మంటపై ఉంచవలెను. ఈలోపల సీసాలను కడిగి వేడినీట ఉంచవలెను. చల్లని సీసాలో ఉడుకు పదార్థము పోసినచో సీసా పగులును.

వేడి సీసాలో మొదట నిమ్మ ఉప్పు వేయవలెను. అర లీటరు సీసాకు, అయిదు మిల్లీలీటర్లు పట్టు చెంచాతో పావు చెంచా కొలత. కొంచెము మించినను దోషము లేదు, తగ్గరాదు. పులుపు ఎక్కువైనదని తోచినచో వండునప్పుడు చిటికెడు పంచదార వేసికొనవచ్చును. మన పెరటి నిమ్మకాయ రసములో పులుపు కాయకొక తీరుగ నుండును గనుక దానికంటె నిమ్మ ఉప్పే నమ్మకము. తినెడి ఉప్పు కేవలము రుచికొఱకు. ఊఱగాయలో ఉప్పు కాపలాదారు, ఇచ్చట కాదు.

పిదప ఉడుకుచున్న టమాటాను పైన అర అంగుళము చోటు విడిచి నింపవలెను. వెదురుపుల్లతో ప్రక్కలను కదపి లోపలి గాలిబుడగలను పోగొట్టవలెను. సీసా అంచును శుభ్రమైన గుడ్డతో తుడువవలెను, అచ్చట చిక్కిన ఒక్క గింజయైనను మూతను అతుకనీయదు. బిళ్ల పెట్టి, మరచుట్టును వ్రేళ్లతో బిగిసినంత మాత్రము బిగింపవలెను. బలముకొలది బిగించినచో లోపలి గాలి బయటికి పోజాలదు.

లోతైన గుండిగ అడుగున చెక్క పలకయో, మడత పెట్టిన గుడ్డయో వేసి, వేడినీరు పోసి, సీసాలను ఒకదానికొకటి తగులకుండ నిలుపవలెను. మూతలపై కనీసము ఒక అంగుళము ఎత్తున నీరుండవలెను. మూతపెట్టి మంట పెంచవలెను. నీరు తెర్లి మరుగుట మొదలైనప్పటినుండియే కాలమును లెక్కింపవలెను. నడుమ నీరు తగ్గినచో మరుగుచున్న నీటినే పోయవలెను. మరుగుట ఒక్క క్షణమాగినను లెక్క మొదటినుండి రావలెను. కట్టెల పొయ్యిపై చేయువారు ఈ సంగతి ముఖ్యముగ గుఱుతుంచుకొనవలెను.

ఎంతసేపు? ఇది మీ ఊరి ఎత్తును బట్టి యుండును. ఎత్తైన తావున నీరు తక్కువ వేడికే మరుగును. బెజవాడ, రాజమహేంద్రవరము వంటి పల్లపు తావులలో, అనగా సముద్రమట్టమునకు వేయి అడుగుల లోపల, అర లీటరు సీసాకు 35 నిమిషములు. వేయి మొదలు మూడువేల అడుగుల వఱకు 40 నిమిషములు. హైదరాబాదు, మదనపల్లె ఈ తరగతిలోనివి, అచ్చట నీరు సుమారు రెండు డిగ్రీలు తక్కువ వేడికే మరుగును. మూడువేలు దాటి ఆఱువేల అడుగుల వఱకు 45 నిమిషములు. నీరు ఎంత ఉద్ధృతముగ పొంగినను దాని వేడి హెచ్చదు. ఆ కొఱతను కాలముతోనే పూరింపవలెను.

కాలము తీరిన పిమ్మట మంట ఆర్పి, అయిదు నిమిషములాగి, సీసాలను నిలువుగనే పైకి తీసి గుడ్డమీద పెట్టవలెను. చల్లని బండమీద పెట్టరాదు. ఒక పగలు ఒక రాత్రి వానిని కదపరాదు, మరచుట్టును మరల బిగింపరాదు. మఱునాడు మూత నడుమ వ్రేలితో నొక్కి చూడుడు. లోనికి గుంజుకొని కదలక యున్నచో అతికినది. టక్కుమని లేచినచో అతుకలేదు. అట్టి సీసాను శీతలయంత్రములో పెట్టి కొలది దినములలో వాడుకొనవలెను. అతికిన సీసాలపై తేది వ్రాసి, మరచుట్లు తీసి, వెలుతురు తగులని చల్లని చోట పెట్టినచో సంవత్సరము వఱకు నిలుచును.

మన ఇండ్లలో జరుగగల పొరపాటు ఒకటి కలదు. ఎట్లును ఉడికించుచున్నాము గదా యని ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిరప, నూనె కలిపి కూరగా చేసి సీసాకెత్తుట. ఇది కూడదు. కూరగాయలు పులుపును తగ్గించును, నూనె వేడిని లోనికి పోనీయదు. సీసాలో టమాటా ఒక్కటే యుండవలెను. పోపు సీసా తెఱచిన పిమ్మట.

తుదకు, ఇంటి పెద్దలైన మీకు ప్రత్యేకముగ ఒక మాట. అన్నము పరబ్రహ్మస్వరూపమని మనము నేర్చినాము. మెతుకు పాఱవేయుటకు మన మనస్సొప్పదు. జాడీపై కొంచెము బూజు కనబడినచో దానిని తీసివేసి క్రిందిది వాడుకొనుట మన యలవాటు. సీసా విషయమున ఆ యలవాటు పనికిరాదు. మూత ఉబ్బినను, అతుకు విడినను, తెఱచినప్పుడు చిమ్మినను, బూజున్నను, వాసన మాఱినను ఆ సీసాను విడువవలెను. చెడినదో లేదో యని నాలుకపై వేసికొని చూడరాదు, ఆ చుక్కయే చాలును. బొటులినమ్ విషమునకు వాసన గాని రంగు గాని ఉండవలెనను నియమము కూడ లేదు. కావుననే విధానమును తప్పక పాటించుటయే అసలైన రక్ష. అట్టి పదార్థమును పశువుల కుడితిలో పోయరాదు, ఈ విషము పశువులను గూడ చంపును. కుక్కలు, కోళ్లు తవ్వలేనంత లోతుగ పాతిపెట్టవలెను.

ఇంట వయసున పెద్దవారు "ఫరవాలేదు, ఉడికించి తినుడు" అన్నచో కోడండ్రు ఎదురు చెప్పలేరు. "పాఱవేయుము" అను మాట మీ నోట వచ్చినప్పుడే వారికి ధైర్యము కలుగును. కష్టపడి చేసిన పదార్థమును పాఱవేసినందులకు ఇంటివారిని ఒక్క మాటయు అనకుండుట గూడ ఇందు భాగమే.

నలుగురైదుగురు ఇండ్లవారు కలిసి ఒక పెద్ద గుండిగను, ఒక గడియారమును, ఒక కొలత చెంచాను సమకూర్చుకొనినచో ఒక్క పూటలో పని ముగియును. ఇంటి వాడుకకు మించి అమ్మదలచినవారు మాత్రము 2006వ సంవత్సరపు ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి ముందు నమోదు చేయించుకొనవలెను. మొదట నాలుగు సీసాలతో ఆరంభింపుడు. పులుపు, కాలము, అతుకు – ఈ మూడింటిని సరిచూచుకొనినవారికి ధర మండు నెలలలో తమ చేని పండే కూరకు అక్కఱకు వచ్చును.