రోడ్డుకి అటు ఇల్లు, ఇటు ఇల్లు: అమెరికా గవర్నమెంటు హైస్కూల్లో ఏముంది?

ఈ ఎపిసోడ్ వీలైతే ఇంట్లో అమ్మానాన్నలతో కలిసి చూడండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఒక చిన్న సీన్. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు కంపెనీ నన్ను 5 నెలలు న్యూజెర్సీ పంపింది. అక్కడ మా పెద్దనాన్న కూతురు, అంటే మా అక్క, బావ ఉంటారు. శని, ఆదివారాలు నా మకాం వాళ్ళింట్లోనే. అప్పుడు వాళ్ళు ఇల్లు కొనే పనిలో ఉన్నారు. ఒక శనివారం నన్ను కూడా చూడ్డానికి తీసుకెళ్ళారు. రోడ్డుకి ఇటు ఒక ఇల్లు, అటు ఒక ఇల్లు. అవే గదులు, అదే కారు షెడ్డు, ముందర అదే గడ్డి. కానీ అటు ఇల్లు ఇటు ఇంటికంటే మన డబ్బుల్లో అరకోటి పైనే ఎక్కువ చెప్తున్నారు. "వాస్తు బాగుందా బావా?" అన్నాను. బావ నవ్వి, "వాస్తు కాదు బావా, అటు పక్క వాళ్ళ హైస్కూల్ వేరే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఎందుకంటే అది గవర్నమెంటు హైస్కూల్. మన దగ్గర చేతిలో నాలుగు డబ్బులుంటే జనం గవర్నమెంటు బడి నుంచి బయటికి వెళ్తారు. వీళ్ళేమో గవర్నమెంటు బడిలోకి వెళ్ళడానికి అరకోటి అప్పు చేస్తున్నారు! అసలు ఆ బడిలో ఏముంది? ఇవాళ్టి టాపిక్ అదే.

ముందు పేర్ల దగ్గర కన్ఫ్యూజన్ తీసేద్దాం. మన దగ్గర బోర్డు మీద "పబ్లిక్ స్కూల్" అని ఉంటే అది మామూలుగా ప్రైవేటు స్కూల్. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే నిజంగానే గవర్నమెంటు బడి. ఫీజు లేదు. హైస్కూల్ అంటే 9 నుంచి 12 వరకు, నాలుగేళ్ళు. అంటే మన టెన్త్, ఇంటర్ రెండూ దాని లోపలే ఉంటాయన్నమాట. ఇక "సబర్బ్" అంటే మనం అనుకునే ఊరి శివారు కాదు. పెద్ద సిటీకి బయట, సొంత ఇళ్ళతో, సొంత మున్సిపాలిటీతో ఉండే ఊరు.

అడ్మిషన్ ఎలా? మామూలు సబర్బన్ హైస్కూల్‌కి ఎంట్రన్స్ లేదు, డొనేషన్ లేదు. మీ అడ్రసే మీ అడ్మిషన్. మీ ఇల్లు ఏ స్కూల్ హద్దులో ఉంటే ఆ స్కూల్ మిమ్మల్ని చేర్చుకోవాల్సిందే. మరి ఖర్చు? అందులో పెద్ద భాగం ఆ ఊరి ఇంటి పన్ను నుంచి వస్తుంది. న్యూజెర్సీలో ఈ పన్ను మూడు నెలలకోసారి కట్టాలి, దేశంలోనే ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో అదొకటి. సో, ఫీజు లేదు అనేది సగం నిజం. ఫీజు ఇంటి ధరలో, ఇంటి పన్నులో దాక్కుని ఉంది.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఇది చాలా ఇంట్రెస్టింగ్.

అక్కడ ఎంపీసీ లేదు, బైపీసీ లేదు. గ్రూపు అనే మాటే లేదు. ఏటా చలికాలంలో పిల్లల ముందు ఒక లిస్టు పెడతారు. పెద్ద హోటల్ మెనూ కార్డులాగా ఉంటుంది. వచ్చే సంవత్సరం ఏమేం చదువుతావో నువ్వే ఎంచుకో అంటారు. కౌన్సిలర్ అని ఒకరు కూర్చుని సాయం చేస్తారు. అలాగని అంతా ఇష్టారాజ్యం కాదు. న్యూజెర్సీలో హైస్కూల్ పాస్ అవ్వాలంటే కనీసం 120 క్రెడిట్లు కావాలి. అందులో ఇంగ్లీష్ 20, మ్యాథ్స్ 15, సైన్స్ 15, సోషల్ 15. ఇవి కాక ఇంకో భాష 5, ఆర్ట్స్ 5. ఈ చివరిది ఇంకోసారి వినండి. సంగీతమో, బొమ్మలో, నాటకమో, ఏదో ఒక కళలో 5 క్రెడిట్లు లేకపోతే ఎంత మ్యాథ్స్ టాపర్ అయినా సరే, సర్టిఫికెట్ రాదు. పీఈటీ పీరియడ్ కూడా ప్రతి సంవత్సరం ఉండాల్సిందే. దాన్ని మ్యాథ్స్ సార్ లాగేసుకోవడం కుదరదు!

క్లాసులో టీచర్ కూర్చుంటారు, బెల్ కొట్టగానే పిల్లలు గది మారతారు. సో, ఒకే అమ్మాయి పొద్దున ఫిజిక్స్‌లో ఉంటుంది, తర్వాత గంట స్పానిష్, ఆ తర్వాత వయొలిన్. ప్రతి గదిలో పక్కన కూర్చునేవాళ్ళు వేరు. మ్యాథ్స్‌లో ముందున్న పిల్ల ఇంగ్లీష్‌లో మామూలు సెక్షన్‌లో ఉండొచ్చు. అది అవమానమేమీ కాదు.

ఇక లెవెల్స్. ఒకే సబ్జెక్టు మామూలుగా ఉంటుంది, ఆనర్స్ ఉంటుంది, పైన ఏపీ ఉంటుంది. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు ఫ్రెండ్స్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీ మొదటి సంవత్సరం పాఠాన్ని హైస్కూల్లోనే చెప్పడం. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ 1950ల నుంచి నడుపుతోంది. మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 వరకు స్కోరు. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు ఆ కోర్సుని చదివినట్టే లెక్కవేస్తాయి. ఒక్కో పరీక్షకి సుమారు 100 డాలర్లు. కాలేజీలో ఆ కోర్సుకి కట్టే ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. ఆలోచన మంచిదే.

సమస్య ఎక్కడ మొదలవుతుందంటే, లెక్కల్లో. చాలా స్కూళ్ళలో మామూలు క్లాసులో ఏ గ్రేడ్ వస్తే 4 పాయింట్లు, ఏపీలో ఏ గ్రేడ్ వస్తే 5 పాయింట్లు. ఆ మాట మన తెలుగు అమ్మానాన్నల చెవిన పడిందా, ఇంకంతే. అన్నిట్లో ఏపీయే తీసుకో! మెనూ కార్డు మూసేసి "ఫుల్ మీల్స్ రెండు" అన్నట్టు.

ఇక్కడ ఒక నిజంగా జరిగిన కథ చెప్పాలి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పక్కనే వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో అని రెండు ఊళ్ళున్నాయి. న్యూయార్క్ వెళ్ళే రైలు స్టేషన్ ఉంది, చుట్టుపక్కల బోలెడు కంపెనీలు ఉన్నాయి. తెలుగువాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. రెండు ఊళ్ళకీ కలిపి ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్, దాంట్లో రెండు హైస్కూళ్ళు, సౌత్, నార్త్. చదువులో మంచి పేరు. 2015 నాటికి ఆ డిస్ట్రిక్ట్‌లో దాదాపు 9,700 మంది పిల్లలు, వాళ్ళలో సుమారు 65 శాతం ఆసియా కుటుంబాల వాళ్ళు, ముఖ్యంగా మనవాళ్ళు, చైనా వాళ్ళు.

ఆ సంవత్సరం అక్టోబర్‌లో డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు. అంతకు ముందు విద్యా సంవత్సరంలో మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లల్లో 120 మందిని మానసిక ఆరోగ్య పరీక్షకి పంపమని చెప్పాల్సి వచ్చింది. 40 మంది హాస్పిటల్‌లో చేరారు. ఒక్క సంవత్సరంలో. అన్నీ ఉన్న ఊళ్ళో.

దాంతో మార్పులు తెచ్చారు. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశారు. కొన్ని రాత్రులు హోంవర్క్ వద్దన్నారు. 4, 5 తరగతుల్లో ముందుగానే మ్యాథ్స్ పరుగు పెట్టించే ప్రోగ్రాం ఆపాలన్నారు. ఇంకోటి, నాకు బాగా నచ్చింది, సంగీతం క్లాసులో "కీచుమనే హక్కు". అంటే బాగా వాయించేవాళ్ళకే కాదు, వాయొలిన్ పట్టుకుంటే తలుపు కిర్రుమన్నట్టు వాయించేవాళ్ళకి కూడా చోటుండాలని.

ఊరు రెండుగా చీలిపోయింది. పిల్లలకి ఊపిరాడుతుంది, మంచిదే అని కొందరు. చదువు స్థాయి దించేస్తున్నారని కొందరు. ఈ రెండోవైపు ఎక్కువగా కనిపించింది ఆసియా తల్లిదండ్రులే.

వాళ్ళని తిట్టడం ఈజీ. కానీ ఒక్క నిమిషం వాళ్ళ వైపు నుంచి చూడండి. మా బావ నల్గొండ దగ్గర పల్లె నుంచి ఆ దేశం దాకా వెళ్ళాడంటే, ఆయన చేతిలో ఉన్నది మార్కుల మెమో ఒక్కటే. తాతల ఆస్తి లేదు, సిఫారసు చేసే మేనమామ లేడు. పరీక్ష అనేది ఆయన ఎక్కిన నిచ్చెన. ఆ నిచ్చెన తీసేస్తాం అంటే భయం వేస్తుంది. అది ఆశ కాదు, భయం.

ఇప్పుడు మా ఇంటి కథ. వీళ్ళ ఊరు వేరే, స్కూల్ పేరు చెప్పను. నేను తిరిగి వచ్చేశాక ఒక రాత్రి అక్క వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, నువ్వన్నా దీనికి చెప్పరా. వచ్చే ఏడాదికి మూడు ఏపీలు తీసుకుంది, నాలుగోది కెమిస్ట్రీ తీసుకోమంటే వద్దంటోంది. మామూలు కెమిస్ట్రీ చాలట. ఆ ఖాళీలో సెరామిక్స్ అట. మట్టి పిసకడానికా ఇంత దూరం వచ్చింది మనం?"

ఫోన్ మా మేనకోడలికి ఇచ్చింది. 15 ఏళ్ళు దానికి. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "రెండేళ్ళు కష్టపడు నాన్నా, తర్వాత లైఫ్ అంతా హ్యాపీ."

అన్నాక నాకే సిగ్గేసింది. ఇంటర్ చదివిన ప్రతి తెలుగు పిల్లాడికి ఎవరో ఒకరు చెప్పిన మాట అది. నాకు మా కాలేజీ పీఆర్వో చెప్పాడు. నా గ్రూపు ఎంచుకోవడానికి పట్టిన టైం ఎంతో తెలుసా? రెండు నిమిషాలు. టెన్త్ మార్కులు చూశాడు, "ఎంపీసీ" అని రాశాడు, నాన్న సంతకం పెట్టాడు. పొద్దున అయిదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్. ఆదివారం టెస్ట్.

మేనకోడలు మామూలుగా అడిగింది. "మామయ్యా, నువ్వు ఇంటర్‌లో ఏం వదిలేశావు?"

చెస్. జిల్లా దాకా ఆడాను. కాలేజీలో చేరిన వారం అమ్మ బోర్డు అటక మీద పెట్టింది, సెలవుల్లో తీద్దాంలే అని. ఇప్పటికీ అక్కడే ఉంది. పెద్ద ప్లేయర్ అయ్యేవాణ్ణి అని చెప్పను, అయ్యేవాణ్ణి కాదేమో. కానీ తేల్చుకునే అవకాశం కూడా రాలేదు. నేను సమాధానం చెప్పేలోపు అక్క ఫోన్ తీసేసుకుంది. తనకీ వినిపించింది. "సరే, రేపు మాట్లాడదాంలే" అని పెట్టేసింది.

చివరికి మేనకోడలు సెరామిక్స్ తీసుకుంది. మామూలు కెమిస్ట్రీలో బీ గ్రేడ్ వచ్చింది. ఆకాశం విరిగి మీద పడలేదు. మొన్న అక్క వంటింట్లో ఉప్పు డబ్బా చూపించింది, కొంచెం వంకరగా ఉంది, మూత సరిగ్గా కూర్చోదు. "ఇది చేసిందే" అంది. ఆ గొంతులో తిట్టు ఉందో, గర్వం ఉందో నేను అడగలేదు.

అమెరికా బడి గొప్ప, మన బడి చెత్త అని నేను చెప్పట్లేదు. అడ్రస్‌తో వచ్చే చదువుకి ఇంకో ముఖం ఉంది. వెస్ట్ విండ్సర్ ఉన్న కౌంటీలోనే, సుమారు పది మైళ్ళ దూరంలో ట్రెంటన్ ఉంది. రాష్ట్ర రాజధాని, కానీ పేద సిటీ. ఇంటి పన్ను మీద నడిస్తే అక్కడి బడికి డబ్బులెక్కడివి? అలాంటి పేద సిటీల పిల్లల తరఫున కేసు నడిచింది. 1990లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు, ధనిక సబర్బ్‌లలో ఒక్కో పిల్లాడికి ఎంత ఖర్చవుతోందో పేద సిటీల పిల్లలకీ అంత దక్కాలని తీర్పిచ్చింది. అంటే ఆ మెనూ కార్డు అందరి చేతికీ దానంతటదే రాలేదు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ హైస్కూల్లో విలువైనది ఏపీల సంఖ్య కాదు. 15 ఏళ్ళకి ఒక దారి పట్టి, 16కి మనసు మార్చుకోవచ్చు, ఎవరూ తలుపు వేసేయరు. అరకోటి పోసి మనం కొన్నది అది. కొన్నాక దాన్ని మళ్ళీ ఇంటర్ కాలేజీలా మార్చుకుంటే, ఆ డబ్బు దండగ కదా?

మన దగ్గరా మాట మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఆర్ట్స్‌కీ సైన్స్‌కీ మధ్య గట్టి గోడ ఉండకూడదని రాశారు. కాగితం మీద ఉంది. కాలేజీ టేబుల్ దగ్గర ఆ రెండు నిమిషాలు రెండు రోజులు అయ్యేది మాత్రం ఇంట్లోనే. టెన్త్ అయిపోయిన తమ్ముడో చెల్లో ఉంటే, గ్రూపు రాసే ముందు ఒక్కసారి అడగండి: "దీనికోసం నువ్వు ఏం వదిలేస్తున్నావు?" సమాధానం విన్నాక కూడా ఎంపీసీయే అనుకుంటే, సంతోషంగా ఎంపీసీయే రాయండి. అడిగి రాయండి, అంతే.

ఇక పక్కన అమ్మానాన్న కూర్చుని ఉంటే, వీడియో ఆపేసి వాళ్ళనీ ఇదే అడగండి, వాళ్ళు ఏం వదిలేశారో. మా అమ్మని అడిగితే వీణ అంది. 28 ఏళ్ళుగా నాకు తెలియదు.

మీరు ఇంటర్‌లో ఏం వదిలేశారో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. ఈ సంవత్సరం టెన్త్ రాసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి షేర్ చేయండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను, బై.