పంగలకర్ర: రబ్బరు ఎంపిక, పంగకు బలం
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించో, యూరియా కోసం నిలబడే వరసల గురించో మాట్లాడాల్సిన చోట పంగలకర్ర గురించి ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మొక్కజొన్న కంకి పాలు పోసుకున్న రోజు నుంచి గింజ గట్టిపడేదాకా చేలో కాపలా ఉండేది ఎవరు? ఇంట్లో ముసలివాళ్లు, బడి మానిన పిల్లలు, పని సందులో మనం. అందరి చేతిలో ఉండేది ఇదే. ఉండేలు అనండి, గులేరు అనండి. ట్రాక్టరు బోల్టు వదులైతే వెంటనే బిగిస్తాం, దీన్ని మాత్రం ఆటవస్తువు కింద వదిలేస్తాం. లాగినప్పుడు రబ్బరు తెగినా, పంగ విరిగినా ఆ దెబ్బ కోతికి తగలదు, లాగినవాడి కంటికి తగులుతుంది. అందుకే ఈ పూట దీనికి కేటాయించాం.

ముందు రబ్బరు. మనలో ఎక్కువమంది సైకిలు ట్యూబో, బైకు ట్యూబో కోసి కడుతున్నాం. ఇప్పుడొచ్చే నల్ల ట్యూబులు చాలావరకు బ్యూటైల్ రబ్బరువి. అది గాలిని బాగా పట్టి ఉంచుతుంది, ట్యూబుకు కావాల్సిందీ అదే. కానీ లాగి వదిలితే బద్ధకంగా వెనక్కి వస్తుంది. మనం పెట్టిన బలంలో కొంత రబ్బరులోనే వేడిగా పోతుంది. ఉండ దూరం పోవడం లేదని ఇంకో పొర కడతాం. పంగ మీద భారం పెరుగుతుంది గానీ ఉండ వేగం ఆ మేరకు పెరగదు. పాతకాలపు ఎర్ర ట్యూబు బాగా పనిచేసేదని పెద్దలు చెప్పేది ఉత్తమాట కాదు, అది సహజ రబ్బరు. ఇప్పుడు దాని బదులు లేటెక్స్ పట్టీ గానీ, రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే పసుపుపచ్చ గొట్టం లాంటిది గానీ తెచ్చుకోవాలి. మంచి లేటెక్స్ తన పొడవుకు ఐదు రెట్లు సాగి, వదలగానే టప్పున వెనక్కి వస్తుంది.

కొలత ఇలా చూసుకోండి. పంగ నుంచి చెంపదాకా మీరు లాగే దూరం 75 సెంటీమీటర్లు అయితే, అందులో ఐదో వంతు 15. రెండు ముడులకు రెండేసి కలిపితే 19 సెంటీమీటర్ల పట్టీ కోయాలి. పొట్టిగా కడితే బలం ఎక్కువనుకుని ఇంకా తగ్గిస్తారు. అది త్వరగా తెగుతుంది, అంతే. పిల్లవాడి చేయి పొట్టిది కాబట్టి వాడి కొలత వేరు. పంగ వైపు 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంచి, తోలు వైపుకు 14కు తగ్గించండి. కొస తేలికగా ఉంటే ఉండ వేగంగా పోతుంది. కత్తెరతో కొరికినట్టు కోయొద్దు. అంచున చిన్న గాటు పడినా చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో ఒకే గీతలో కోయాలి. ఒక పట్టీ తెగితే రెండూ మార్చాలి. ఎండ, కిరోసిన్, నూనె చేయి రబ్బరుకు శత్రువులు. మంచె గుంజకు వేలాడదీయకుండా మూత డబ్బాలో పెట్టండి.

ఇక పంగ. జామ, చింత కొమ్మలు మంచివి. మునగ, అవిసె పనికిరావు. చెట్టు మీద సహజంగా చీలిన కొమ్మలో నార రెండు కొమ్ముల్లోకీ సాగి ఉంటుంది, అదే దాని బలం. పలకలో కోసి చేస్తే ఏదో ఒకచోట నార అడ్డంగా తెగుతుంది, కొమ్ము మొదట్లో పుటుక్కున విరుగుతుంది. పలకతోనే చేయాలంటే మందమైన ప్లైవుడ్ వాడండి. పచ్చి కొమ్మను బెరడుతోనే, కోసిన కొసలకు మైనం పూసి, నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. పొయ్యి మీద ఆరబెడితే చీలిక సరిగ్గా పంగలోనే వస్తుంది. కొమ్ములు పొడుగ్గా ఉంటే మణికట్టు మీదా, మొదలు మీదా భారం పెరుగుతుంది, పొట్టిగానే ఉంచండి. పంగ మొదలును నైలాన్ దారంతో అటూ ఇటూ అడ్డంగా బిగించి చుట్టి, చెక్క జిగురు తాగించండి. విరిగినా ముక్క ఎగరదు. రబ్బరు కట్టే గాడి అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. ఇనుప కడ్డీతో చేసేవాళ్లు ఒకే కడ్డీ వంచి చేయించుకోండి. వెల్డింగు అతుకు చెప్పకుండా ఊడుతుంది.

కట్టాక పరీక్ష. పత్తి తూచే స్ప్రింగు కాటాకు తగిలించి పూర్తిగా లాగితే ఎన్ని కిలోలు చూపుతుందో చూడండి. ఏడు చూపితే, దానికి మూడింతలు, అంటే 21 కిలోల బస్తా ఆ పంగకు వేలాడదీయండి. కిర్రుమన్నా, చీలిక కనిపించినా పొయ్యిలో పెట్టండి, మొహమాటం వద్దు.

ఉండలు బంకమట్టివే కావాలి. తగలగానే పగిలిపోతాయి, ఎగిరి పక్కవాడికి తగలవు, కోత యంత్రంలో పడవు. గోలీలు, ఇనుప గుండ్లు వద్దు. కొట్టాల్సింది చెట్టు మొద్దును, రేకు డబ్బాను. చప్పుడుకే మంద కదులుతుంది. నెమలినీ చిలుకనూ కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అడవిపంది మీద దీన్ని అసలు వాడొద్దు. కరెంటు స్తంభాల పింగాణీల వైపు గురి పెట్టొద్దు, అవి పగిలితే తీగ వచ్చి చేలో పడొచ్చు. మందు కొట్టేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలే ఇక్కడా పెట్టుకోండి. ఉండ లేకుండా లాగి వదలొద్దు.

పంగలకర్రతో కోతుల సమస్య తీరుతుందని మేము చెప్పడం లేదు. ఈ చేలోంచి లేచిన మంద పక్క చేలో దిగుతుంది. 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. అలాంటివి ప్రతి జిల్లాకూ కావాలనీ, కోతులు తిన్న పంటకూ పరిహారం ఇవ్వాలనీ మన సంఘం అడుగుతోంది. అడగాలంటే లెక్క కావాలి. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు, ఇరవై రోజులు కాపలా ఉంటే 120 గంటలు. ఎనిమిది గంటల పనిదినంతో లెక్కిస్తే 15 కూళ్లు. మన పెట్టుబడి లెక్కలో ఈ పదిహేను కూళ్లు ఎంతమందిమి రాసుకున్నాం? ఈ సీజను నుంచి తేదీ వేసి, ఎవరు కాపలా ఉన్నారో, ఎన్ని గంటలో నోటు పుస్తకంలో రాయండి. నష్టపోయిన చేను ఫోటో తీసి ఉంచండి. గ్రామ కమిటీలు వాటిని నెలాఖరుకు మండల కమిటీకి ఇవ్వాలి.

కాటా, బస్తా బయట వేపచెట్టు కింద పెట్టాం. తెచ్చిన పంగలు పట్టుకుని రండి, ఒక్కొక్కటే తగిలించి చూద్దాం.