పాత లగ్జరీ కారు కొన్నారా? ముందు కూలెంట్ సంగతి చూడండి

ఇవాళ మా మొగల్తూరు నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల వినిపిస్తున్న ఆ చప్పుడు రొయ్యల చెరువులో ఏరియేటర్లది. ఆపమని అడగలేదు, ఎందుకంటే ఇవాళ్టి టాపిక్‌లో వాటితో పనుంది.

మా బావ పన్నెండేళ్ల నాటి జర్మన్ పెట్రోల్ కారు కొన్నాడు. కొత్త చిన్న కారు రేటుకే లగ్జరీ కారు వచ్చిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. నాలుగో నెలలో రాజమండ్రిలో పెళ్లికి బయల్దేరాం. సిద్ధాంతం దగ్గర కూలెంట్ తక్కువుందని లైట్ వెలిగింది. "బావా, పక్కకి ఆపు" అన్నాను. "ఇంకెంత దూరంరా, వచ్చేశాం కదా" అని, ఓ వాటర్ బాటిల్ పోసేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. రావులపాలెం చేరేలోపు బానెట్ లోంచి ఆవిరి. హెడ్ గాస్కెట్ పోయింది, సిలిండర్ హెడ్ వంకర తిరిగింది. బిల్లు లక్ష దాటింది. అది మావయ్యకి ఒక పట్టుబడిలో మిగిలిన డబ్బండి.

అసలు కారణం ఏంటో తెలుసా? ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ అతుకు దగ్గర వెంట్రుకంత పగులు.

ఎందుకలా అయిందో చూద్దాం. ఇంజిన్ కూలింగ్ కూడా ప్రెషర్ కుక్కర్ లాంటిదే. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ప్రెషర్ పెరిగితే 120 దగ్గర గానీ మరగవు. కూలెంట్ కలిస్తే ఇంకాస్త పైకి. ఎక్కడైనా పగిలి ప్రెషర్ పోయిందనుకోండి, లోపలున్నది అక్కడికక్కడే మరిగిపోతుంది. ఆవిరి ఇంజిన్ వేడిని లాగలేదు. అల్యూమినియం హెడ్ వంకర తిరగడానికి కొద్ది నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది పొరబడేది. "బండి నలభై వేలే తిరిగింది, కొత్తదాని లెక్కే" అంటారు. కానీ ట్యాంకు, పైపుల కనెక్టర్లు, థర్మోస్టాట్ బాడీ చాలావరకు ప్లాస్టిక్. రోజూ వేడెక్కి చల్లారి పెళుసెక్కుతాయి. రబ్బరు గొట్టాలూ అంతే. వాటి వయసు కిలోమీటర్లలోనే కాదు, ఏళ్లలో కూడా లెక్కపెట్టాలి.

ఇప్పుడు ఏరియేటర్ల దగ్గరికొద్దాం. తెల్లవారుజామున అవి ఆగిపోతే ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు చచ్చిపోతాయి. అందుకే రైతు జనరేటర్ ముందే పెట్టుకుంటాడు, కరెంటు పోయాక కొనుక్కోడానికి వెళ్లడు. కారుకీ అదే లెక్క. పైగా మనకి ఆ పార్టులు నరసాపురం షాపుల్లో దొరకవు, పెద్ద ఊరి నుంచి తెప్పించుకోవాలి.

కాబట్టి బండి ఎనిమిది, పదేళ్లు దాటి, పాత బిల్లులు లేకపోతే, కూలింగ్ పని మొత్తం ఒకేసారి చేయించేయండి. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, మూత, గొట్టాలు, థర్మోస్టాట్, వాటర్ పంప్. విడివిడిగా చేయిస్తే ప్రతిసారీ విప్పిన కూలీ, పారబోసిన కూలెంట్ దండగ. బీఎండబ్ల్యూ ఎన్52, ఎన్54, ఎన్55 పెట్రోల్ ఇంజిన్లలో అయితే వాటర్ పంప్ బెల్ట్‌తో తిరగదు, కరెంట్ మోటార్‌తో తిరుగుతుంది. అది కారి హెచ్చరించకుండానే ఒక్కసారిగా ఆగిపోవచ్చు. కొన్ని మోడళ్లలో వేడి చూపించే ముల్లు కూడా ఉండదు, డైరెక్ట్‌గా వార్నింగే.

కూలెంట్ రంగు చూసి కొనకండి. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాశారో అదే పోయండి. రకాలు కలిస్తే ఒక్కోసారి లోపల జిగురులా పేరుకుంటుంది. నీళ్లు కలపాలంటే డిస్టిల్డ్ వాటర్, సాధారణంగా సగం సగం. బోరు నీళ్లు మాత్రం వద్దు. మనది సముద్రం పక్క నేల, ఆ ఉప్పు అల్యూమినియంని తినేస్తుంది. పోశాక గాలి పూర్తిగా తీయించాలి, గాలి బుడగ ఇరుక్కుంటే కొత్త పార్టులు వేసినా వేడెక్కుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి మూడు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడండి. పదే పదే తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందా చూడండి. కోతల సీజన్ అయ్యాక రేడియేటర్ ముందు ఇరుక్కున్న పురుగులు, ఊక కడిగించండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, జాగ్రత్త.

దారిలో ఎర్ర లైట్ వస్తే ఏసీ ఆపి, పక్కకి తీసి, ఇంజిన్ ఆపేయండి. ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే కంగారు పడకండి. మూత మాత్రం వేడి మీద తియ్యకండి, మొహం కాలిపోతుంది. టో బండి పిలవండి. టో ఖర్చు వేలల్లో పోతుంది, ఇంజిన్ అయితే లక్షల్లో.

ఇంకో మాట. తీసేసిన పాత కూలెంట్ కాలువలో పోయకండి. అది విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు తాగేస్తాయి. పక్కన చెరువులు ఉన్న ఊరు మనది.

మా బావ కారు ఇప్పుడు బాగానే ఉంది. లైట్ వెలిగితే నాకంటే ముందు తనే ఆపుతున్నాడు. మీరు సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ తీయించి, ఆ ట్యాంక్ అతుకు దగ్గర టార్చ్ వేసి చూడండి. సన్‌రూఫ్ సంగతి తర్వాత. ఉంటానండి, బై.