తిరిగి రాని విమానాలు, ఎదురుచూసే ఇళ్ళు
(సంఘం వార్షికోత్సవం సందర్భంగా మాజీ సైనికుల సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శి గారు, "మాష్టారూ, మాజీ సైనికులకు సన్మానం చేస్తున్నాం, అందుకు తగ్గట్టు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను తుపాకీ పట్టిన మనిషిని కాను. బి.ఇడి. చదివి, సుద్దముక్క పట్టుకున్నవాణ్ణి. అయితే ఆగస్టు 15కూ జనవరి 26కూ మా బడికి వచ్చే పెద్దల్లో వైమానిక దళంలో రవాణా విమానాల మీద పనిచేసి రిటైరైన వాళ్ళు కొందరున్నారు. జెండా వందనం అయ్యాక, పిల్లలకు బిస్కెట్లు పంచేసి, స్టాఫ్ రూంలో టీ తాగుతూ వాళ్ళు చెప్పుకునే సంగతులు నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

యుద్ధ విమానం నడిపినవాడి మీద సినిమాలు తీస్తారు. మన బీచ్ రోడ్డులో టియు-142 నిఘా విమానాన్ని మ్యూజియం చేసి పెట్టారు, పిల్లల్ని నేనే రెండుసార్లు తీసుకెళ్ళాను. గోధుమపిండి బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, సెలవు ముగించుకుని వెళ్ళే జవాన్లను మోసిన విమానాన్ని చూడటానికి టికెట్టు కొనుక్కుని ఎవరు వస్తారు? ఆ పెద్దలు ఈ మాట నిష్ఠూరంగా అనరు, నవ్వుతూనే అంటారు. "మాది లారీ డ్రైవర్ల ఉద్యోగం సార్, కాకపోతే ఆకాశంలో" అన్నారు ఒకాయన.

ఆ లారీలు లేకపోతే ఏమయ్యేదో ఒక్కసారి చూడండి. 1947 అక్టోబర్ 27 ఉదయం సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్ ఢిల్లీ నుంచి శ్రీనగర్‌లో దిగింది డకోటా విమానాల్లోనే. ఆ బెటాలియన్‌ను నడిపించిన లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ అదే రోజు చనిపోయారు. మరుసటి ఏడాది మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని లేహ్‌లో డకోటా దించారు. 10,000 అడుగులకు పైన, కొత్తగా చదును చేసిన ఇసుక నేల మీద. ఆ విమానంలో లోపలి గాలి ఒత్తిడిని కాపాడే ఏర్పాటు లేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా పెద్దాయన తన సొంత తండ్రి గొప్ప చెబుతున్నట్టు చెబుతారు.

తర్వాత 1961 నుంచి సోవియట్ యూనియన్ నుంచి ఏఎన్-12లు వచ్చాయి. నాలుగు ఇంజన్ల పెద్ద విమానం. 1962 అక్టోబరులో యుద్ధ ట్యాంకులను లద్దాఖ్‌లోని చుషూల్‌కు చేర్చింది అదే. అందులో ప్రయాణం ఎలా ఉంటుందో అడిగితే ఆ పెద్దలు ముందు చెవులు చూపిస్తారు. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవాలి. పక్కవాడితో సైగలే, మాట వినపడదు. గోడ పొడవునా మడత సీట్లు, మధ్యలో వలలు బిగించి కట్టిన సరుకు. సరుకు ఉండే ఆ పెద్ద భాగానికీ ఒత్తిడి ఏర్పాటు లేదు, చలి ఎముకల్లోకి దిగుతుంది. ఎండ ఎక్కేకొద్దీ లేహ్‌లో గాలులు లేస్తాయి కాబట్టి తెల్లవారుతూనే వెళ్ళి దిగి, వెంటనే తిరిగి రావాలి. వాతావరణం బాగా లేకపోతే చండీగఢ్‌లో జవాన్లు రోజుల తరబడి పడిగాపులు పడేవారు. జాబితాలో పేరు పిలిస్తే పండగ. బరువు ఎక్కువైందని దింపేస్తే విసుగు.

విమానం దిగే చోటు లేని కొండల మీద పైనుంచి సరుకు జారవిడిచేవారు. తెరిచిన తలుపు దగ్గర నిలబడి ఆ మూటల్ని నెట్టేది పైలట్లు కాదు, ఆర్మీ సర్వీస్ కోర్ జవాన్లు. నడుముకు పట్టీ, ముందు గాలి, కింద లోయ. దీపం వెలగ్గానే కొన్ని క్షణాల్లో నెట్టేయాలి, ఆలస్యమైతే కొండ అవతల పడుతుంది, మంచులో ఎదురుచూస్తున్న మనిషికి ఆ రోజు తిండి లేదు. ఆ తలుపు దగ్గర నిలబడినవాళ్ళ పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

ఇక అసలు మాటకు వస్తాను.

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు ఒక ఏఎన్-12 బయలుదేరింది. అందులో నలుగురు సిబ్బంది, 98 మంది ప్రయాణికులు, మొత్తం 102 మంది. ఎక్కువమంది డ్యూటీ మీద వెళుతున్న జవాన్లు. లేహ్ వైపు వాతావరణం చెడటంతో పైలట్ వెనక్కి తిరిగాడు. రోహతంగ్ కనుమ దగ్గర విమానం మాట ఆగిపోయింది. ఆ తర్వాత 35 ఏళ్ళు ఏమీ లేదు. 2003లో మనాలీ పర్వతారోహణ సంస్థ వాళ్ళు కొండ ఎక్కుతుంటే శకలాలు, ఒక జవాను అవశేషాలు కనిపించాయి. అప్పటినుంచి సైన్యం ఢాకా హిమానీనదంలో విడతలు విడతలుగా వెదుకుతూనే ఉంది. 2019 నాటికి దొరికింది ఐదుగురు. 2024 సెప్టెంబరు చివర్లో మరో నలుగురు దొరికారు. వారిలో కేరళకు చెందిన ఒకతనికి విమానం కూలేనాటికి 22 ఏళ్ళు. 56 ఏళ్ళ తర్వాత అతను సొంత ఊరు చేరాడు. తోబుట్టువులు ముసలివాళ్ళై అతన్ని అందుకుని, చర్చిలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. లెక్క వేయండి, తొంభై మందికి పైగా ఇంకా ఆ మంచులోనే ఉన్నారు.

బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ పేరు ఈ సభలో అందరికీ తెలుసు. పారాచూట్ బ్రిగేడ్‌ను నడిపించి 1948 జూలై 3న ఝంగర్ దగ్గర ప్రాణం ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఆయన జనాజాకు వచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా పక్కన ఆయన ఖబర్ ఉంది, వెళ్ళినవాళ్ళు ఫాతిహా చదివి వస్తారు. వీరమరణానికి ఒక తేదీ, ఒక చోటు, ఒక రాయి ఉండటం ఇంటివాళ్ళకు ఎంత ఆసరానో, అవేవీ లేని ఇంటిని చూస్తే తెలుస్తుంది.

అలాంటి ఇళ్ళు మన విశాఖపట్నంలోనే ఉన్నాయి. 2016 జూలై 22, జుమా రోజు. ఉదయం ఎనిమిదిన్నరకు తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఏఎన్-32 విమానం లేచింది. ముప్పావుగంట గడవక ముందే బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. ఉన్నది 29 మంది. వారిలో ఎనిమిదిమంది యూనిఫాం వేసుకునేవాళ్ళు కారు, మన ఊళ్ళోని నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఉద్యోగం పని మీద ఎక్కారు. ఆ రోజుల్లో నమాజు నుంచి వచ్చేవాళ్ళు, మార్కెట్లో చేపలు బేరమాడేవాళ్ళు, ఆటోవాళ్ళు అందరూ అదే మాట్లాడుకోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. ఓడలు, విమానాలు, జలాంతర్గామి కూడా వెదికాయి. సెప్టెంబరు 15న, రెండు నెలలైనా నిండకుండానే, అందరూ చనిపోయినట్టుగా భావిస్తున్నామని ప్రకటించారు. దొరికినదేమీ లేదు. 2024 జనవరిలో, అంటే ఏడున్నరేళ్ళకు, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత యంత్రం చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు తీసింది. అంత లోతున మనిషి చేయగలిగింది ఫొటో తీయడమే.

ఆ ఏడున్నరేళ్ళూ ఒక తల్లి ఏమనుకుని ఉంటుంది? చనిపోయాడని ప్రభుత్వం కాగితం ఇచ్చింది. ఆమె చేతికి ఏమీ ఇవ్వలేదు. ఒక మాజీ ఎయిర్‌మన్ నాతో అన్నమాట చెబుతాను. "సార్, యుద్ధంలో పోయినవాణ్ణి మోసుకొచ్చాం. విమానంలో పోయినవాడి ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావు. వాళ్ళమ్మ ముందు అడిగేది 'నువ్వు చూశావా నాయనా?' అని. చూడలేదు కదా, ఏం చెబుతాం?" ఆయన ఇప్పటికీ తన స్క్వాడ్రన్‌లో తిరిగి రాని వాళ్ళ పేర్లు ఒక పాత డైరీలో రాసుకుని ఉంచారు. తేదీ వచ్చినప్పుడు ఆ పేజీ తీసి దుఆ చేస్తారట. అందులో హిందూ పేర్లున్నాయి, సిక్కు పేర్లున్నాయి, మన పేర్లూ ఉన్నాయి. దుఆ మాత్రం అందరికీ కలిపి ఒకటే చేస్తానని చెప్పారు.

ఆచూకీ తెలియని మనిషిని మన ఫిఖహ్‌లో మఫ్‌ఖూద్ అంటారు. దీని మీద తీర్పు చెప్పవలసింది వేదిక మీదున్న ముఫ్తీ సాహెబులు. నేను చదివి తెలుసుకున్నంత మేరకే చెబుతాను, తప్పుంటే దిద్దుతారు. హనఫీ మజ్‌హబ్‌లో పాత అభిప్రాయం ప్రకారం, అతని ఈడువాళ్ళంతా పోయేదాకా అతను బతికున్నట్టే లెక్క. ఆస్తి పంచుకోకూడదు, భార్య మరో నికాహ్ చేసుకోకూడదు. ఇమామ్ మాలిక్ గారు హజ్రత్ ఉమర్ (రజి) తీర్పును ఆధారం చేసుకుని, భార్య నాలుగేళ్ళు ఆగాక ఇద్దత్ గడిపి విడుదల పొందవచ్చు అన్నారు. మన దేశంలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి హనఫీ పెద్దలే, ఆడవాళ్ళ కష్టం చూసి, ఈ విషయంలో మాలికీ అభిప్రాయాన్ని తీసుకున్నారు. దాని ఫలితం 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. నాలుగేళ్ళు భర్త జాడ తెలియకపోతే భార్య కోర్టుకు వెళ్ళవచ్చు. డిక్రీ వచ్చినా ఆరు నెలలదాకా అమలు కాదు. ఆ లోపు అతను తిరిగొచ్చి కాపురానికి సిద్ధమంటే డిక్రీ కొట్టేస్తారు. ఆశకు ఆరు నెలలు అదనంగా ఇచ్చిన చట్టం అది. సాధారణ సాక్ష్య చట్టం ప్రకారమైతే ఏడేళ్ళు జాడ తెలియకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు.

అంటే మన పెద్దలు కాగితం కోసం ఆగలేదు, కష్టం చూసి దారి వెదికారు. మరి మన సంఘం?

మనం ప్రతి నెలా ఇచ్చే వితంతు సహాయం ఫారంలో ఆరో గడిలో "భర్త మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలి" అని ఉంది. ఏఎన్-32 కుటుంబాలకు ప్రభుత్వం ఉంది, డిపార్ట్‌మెంట్ ఉంది, రెండు నెలల్లో కాగితం వచ్చింది. మన బస్తీల్లో వేటకు వెళ్ళి పడవతో సహా తిరిగిరాని వాడి భార్యకు ఎవరు ప్రకటిస్తారు? గల్ఫ్‌కు వెళ్ళి ఫోను ఆగిపోయినవాడి భార్యకు? ఆమె సధవ కాదు, వితంతువు కాదు. పెన్షన్ రాదు, మన ఫారం కూడా ఆమెను వెనక్కి పంపుతుంది. జకాత్ అవసరంలో ఉన్న ఫుఖరా, మసాకీన్లకు ఇచ్చేది. భర్త పోయాడా, కనిపించకుండా పోయాడా అన్నది అక్కడ షరతు కాదు. ఉలమాలు ఇక్కడే ఉన్నారు, నా మాట సరైనదో కాదో ఇప్పుడే చెప్పగలరు.

అందుకని కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆరో గడి కింద మరొకటి చేర్చండి, "భర్త ఆచూకీ తెలియనివారు" అని. మరణ పత్రం బదులు పోలీసు ఫిర్యాదు నకలు గానీ, అది కూడా లేకపోతే మస్జిద్ ఇమామ్ గారి, ఇద్దరు ఇరుగుపొరుగువారి సంతకాలు గానీ చాలు. ఇంటికి వెళ్ళి విచారించే పనికి ఈ రోజు సన్మానం అందుకుంటున్న పెద్దలే ముందుంటామని నాతో అన్నారు. అలాంటి ఇంటి గడప ఎక్కడం వారికి కొత్త కాదు. రంజాన్‌కు ముందు కొత్త ఫారాలు అచ్చుకు వెళతాయని విన్నాను. ఆ లోపే ఈ గడి చేరాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. అస్సలాము అలైకుమ్.